తెంపిన ఆకు చెప్పేది సగమే

భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలో మిర్చి గానీ పత్తి గానీ వేసిన రైతు, ఆకు మీద మచ్చ కనబడగానే సాధారణంగా ఏం చేస్తాడో అందరికీ తెలిసిందే. మచ్చలు బాగా ఉన్న ఆకునొకదాన్ని తెంపి జేబులో పెట్టుకొని మందుల షాపుకు పోతాడు. షాపాయన ఆకును అటూ ఇటూ తిప్పి చూసి మూడు డబ్బాలు ముందు పెడతాడు. ఒకటి తెగులుకు, ఒకటి పురుగుకు, ఒకటి చేను బలానికి. సాయంత్రానికి ఆ మూడూ ఒకే ట్యాంకులో కలిసి తోట మీద పడతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. అయినా మిర్చి రైతు పెట్టుబడిని కరగదీసే అలవాట్లలో ఇది ముందు వరుసలో ఉంటుంది. ఎందుకంటే జేబులోని ఆ ఆకు మోసుకొచ్చిన సమాచారం చాలా తక్కువ. మచ్చ పై ఆకులకు వచ్చిందా కింది ఆకులకా, చేనంతా వచ్చిందా ఒక మూలకే వచ్చిందా, వాన తర్వాత వచ్చిందా మందు కొట్టిన తర్వాత వచ్చిందా, రోజురోజుకూ పెరుగుతోందా వచ్చినకాడే ఆగిందా అన్నవి తెంపిన ఆకులో దొరకవు, చేనులోనే దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే: మచ్చ రూపం కన్నా మచ్చలు చేనులో పరుచుకున్న తీరే కారణాన్ని ఎక్కువగా పట్టిస్తుంది. ఆ తీరు చూడకుండా కొట్టే మందు, కంపెనీది ఎంత మంచిదైనా, గుడ్డి మందే.

ఆకు మీద మచ్చ అనేది మనిషికి వచ్చే జ్వరం లాంటిది. లోపల ఏదో జరిగిందని చెబుతుంది తప్ప ఏం జరిగిందో చెప్పదు. ఆకులో కొంత భాగం చచ్చిపోతే అది మొదట పసుపుబారుతుంది, తర్వాత గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది, చివరకు ఎండి చిల్లు పడుతుంది. చంపింది శిలీంధ్రమైనా, బాక్టీరియా అయినా, పొటాష్ లోపమైనా, పక్క చేను మీద నుంచి గాలికి కొట్టుకొచ్చిన గడ్డి మందైనా, మిట్ట మధ్యాహ్నం కొట్టిన పురుగు మందైనా ఆకు చచ్చే పద్ధతులు మాత్రం ఆ రెండు మూడే. అందుకే ఒక్క ఆకును చూసి కారణం చెప్పడం బాగా అనుభవమున్న శాస్త్రవేత్తకు కూడా కష్టం. ఆయన మొట్టమొదట అడిగే ప్రశ్న కూడా ‘చేను ఎట్లుంది?’ అనే.

తెగుళ్ల శాస్త్రం చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. ప్రపంచమంతా పేరున్న ఒక పాత తెగులు మందు ప్రయోగశాలలో పుట్టలేదు, దారి పక్క ద్రాక్ష తోటలో కనబడింది. 1882లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో పియర్ మిలార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు తోటల వెంట నడుస్తుంటే ఒక విచిత్రం కంటపడింది. అమెరికా నుంచి వచ్చిపడ్డ బూజు తెగులుకు తోట లోపలి తీగలన్నీ ఆకులు రాల్చుకొని నిలబడితే, దారి అంచున ఉన్న తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆరా తీస్తే, దారిన పోయేవాళ్లు పండ్లు తెంపకుండా ఆ అంచు తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు చల్లారని తేలింది. దాని మీద ప్రయోగాలు చేసి 1885లో ఆయన ప్రకటించినదే నేటికీ మనం వాడుతున్న బోర్డో మిశ్రమం. తోట అంచుకూ లోపలికీ తేడా ఏమిటని చూసినందుకే ఆ మందు దొరికింది. ఆయన ఒక మచ్చల ఆకును తెంపుకొని ఇంటికి పోయి ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

సింహళం కాఫీ తోటల కథ దీనికి మరో వైపు. అక్కడ 1869లో ఆకుల అడుగున నారింజ రంగు మచ్చలు కనబడ్డాయి. 1880లో ఇంగ్లండు నుంచి వచ్చిన హ్యారీ మార్షల్ వార్డ్ ఆ తెగులును వెంబడించి చూసి, శిలీంధ్ర బీజాలు తడి ఆకు మీద మొలకెత్తి పత్రరంధ్రాల గుండా లోపలికి పోతాయని, ఒకసారి లోపలికి పోయాక పైన చల్లే మందు వాటికి తగలదని తేల్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. కాఫీ దెబ్బతింది, ఆ దేశం తేయాకుకు మారింది. వార్డ్ చెప్పిన మాటను మిర్చి రైతు రోజూ గుర్తుపెట్టుకోవాలి. ఇవ్వాళ కంటికి కనబడుతున్న మచ్చ ఇవ్వాళ పుట్టింది కాదు. సుమారు వారం కిందటి వానకో మంచుకో బీజం మొలిచి లోపలికి పోతే, దాని ఫలితం ఇప్పుడు బయటపడుతోంది.

ఇప్పుడు మన మిర్చి తోటకు వద్దాం. వానాకాలం చివర, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఈ ప్రాంతంలో ఎక్కువగా కనబడేది సెర్కోస్పోరా ఆకుమచ్చ. మచ్చ గుండ్రంగా ఉంటుంది. మధ్యలో బూడిద తెలుపు, చుట్టూ ముదురు గోధుమ రంగు అంచు, చూడటానికి కప్ప కన్నులా ఉంటుంది. మచ్చ ముదిరితే నడిమి భాగం రాలి చిల్లు పడుతుంది. ఇది ముందు కింది ఆకులకు, గుబురుగా పెరిగి గాలి ఆడని సాళ్లకు వస్తుంది. బాక్టీరియా ఆకుమచ్చ కూడా ఇదే కాలంలో, ఇవే వానలకు వస్తుంది కాబట్టి ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. బాక్టీరియా మచ్చ మొదట నీళ్లలో నానినట్టు, నూనె అంటినట్టు ఉంటుంది. ఈనెల దగ్గర ఆగిపోవడం వల్ల గుండ్రంగా కాక కోణాలు కోణాలుగా కనబడుతుంది. చుట్టూ తరచుగా పసుపు వలయం ఉంటుంది. పొద్దున్నే మంచు ఆరకముందు ఆ ఆకును సూర్యుడికి ఎదురుగా పెట్టి చూస్తే, మచ్చ అంచున వెలుగు దాటిపోయే సన్నని తడి గీత కనబడుతుంది. సెర్కోస్పోరా మచ్చకు ఆ తడి గీత ఉండదు. కాయ కూడా చూడాలి. బాక్టీరియా అయితే కాయల మీద గజ్జి కట్టినట్టు ఉబ్బెత్తు మచ్చలు పడతాయి. సెర్కోస్పోరా కాయ తొడిమె మీదికి వచ్చినా కాయ చర్మాన్ని సాధారణంగా ముట్టదు. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుంది? శిలీంధ్రానికి పనిచేసే కార్బెండజిమ్ బాక్టీరియాను ఏమీ చేయదు. రైతు రెండుసార్లు కొట్టి, తగ్గలేదని ఇంకో ఖరీదైన శిలీంధ్రనాశినికి పోతాడు. అదీ బాక్టీరియాను ఏమీ చేయదు.

డిసెంబరు దాటి చలి ముదిరాక వచ్చే బూడిద తెగులు దీనికి పూర్తిగా వేరు. ఆకు పైన అక్కడక్కడా లేత పసుపు మరకలు తప్ప ఏమీ ఉండదు. ఆకును తిప్పితే అడుగున తెల్లని పొడి కనబడుతుంది. పై వైపు మాత్రమే చూసేవాడు దీన్ని పోషక లోపం అనుకొని సూక్ష్మపోషకాలు కొట్టడం మామూలే. ఆలోపు ముదురు ఆకులన్నీ రాలి చెట్టు బోడిదైపోతుంది, కాయలు ఎండకు తెల్లబడి తాలు పోతాయి. మిగతా శిలీంధ్రాలకు ఆకు మీద నీటి తడి కావాలి, దీనికి అక్కర్లేదు. వాన లేకుండా, పగలు పొడిగా రాత్రి చల్లగా ఉన్న రోజుల్లో మచ్చలు మొదలయ్యాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇలా ఎన్ని రోజుల కింద వాన పడింది, ఎంతసేపు ఆకులు తడిగా ఉన్నాయి అన్న ఒక్క ప్రశ్న సగం కారణాలను పక్కకు నెట్టేస్తుంది.

తెగులే కాని మచ్చల సంగతి ఇంకా ముఖ్యం. వాటి మీద పెట్టే ప్రతి రూపాయీ వృథాయే. వరి పొలానికో, గట్ల మీది గడ్డికో కొట్టిన పారాక్వాట్ గాలికి కొట్టుకొచ్చి మిర్చి మీద పడితే, రెండు రోజుల్లో ఆకుల మీద తెల్లటి, గోధుమ రంగు చుక్కలు పడతాయి. చూస్తే అచ్చం ఆకుమచ్చ తెగులే. కానీ ఆ మచ్చలన్నీ ఒకే రోజు పుడతాయి, గాలి వచ్చిన వైపు సాళ్లలో దట్టంగా ఉండి లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. తర్వాత వచ్చిన కొత్త ఆకులు శుభ్రంగా ఉంటాయి. తెగులు ఎన్నడూ ఇంత క్రమశిక్షణతో ప్రవర్తించదు. 2,4-డి తగిలితే పత్తి ఆకులు సన్నగా చీలి, వేళ్లు చాచినట్టు ముడుచుకుపోతాయి, దాన్ని వైరస్ అనుకొని తెల్లదోమకు మందు కొట్టేవాళ్లున్నారు. నాలుగు రకాలు కలిపి ఎండలో కొడితే ఆకుల కొనల్లో, మందు చుక్క జారి నిలిచే అంచుల్లో మాడిన మచ్చలు పడతాయి. గంధకం ఎండలు ముదిరినప్పుడు కొట్టినా అంతే. పొటాష్ చాలకపోతే ముదురు ఆకుల అంచులు మాడతాయి. మెగ్నీషియం చాలకపోతే పత్తి ముదురు ఆకుల ఈనెల నడుమ ఎర్రబడుతుంది. ఇనుము, బోరాన్ చాలకపోతే లేత ఆకులకు వస్తుంది. కారణం సులువైనదే. పొటాష్, మెగ్నీషియం, నత్రజని వంటి వాటిని మొక్క ముసలి ఆకుల్లోంచి తీసి కొత్త ఆకులకు పంపగలదు, ఇనుమును అలా పంపలేదు. కాబట్టి లోపం ముసలి ఆకుకు వచ్చిందా, లేత ఆకుకు వచ్చిందా అని చూడటమే పోషకాల లెక్కలో మొదటి మెట్టు. జేబులోని ఆకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

నీళ్లు నిలిచిన చేనుది ఇంకో కథ. 2023 జులై చివర మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచిన వానల్లో ఈ చుట్టుపక్కల పొలాలు మునిగాయి. అలాంటి వానల తర్వాత వేళ్లకు గాలి ఆడక ఆకులు పసుపుబారి, మచ్చలు పడి రాలుతాయి. పల్లం వైపు ఎక్కువ, మెరక వైపు తక్కువ. ఆ తేడా కంటబడితే మొదటి వైద్యం పార, కాలువ. నీళ్లు తీసేసి, ఆకుల మీద 13-0-45 లేదా యూరియా పలచగా పిచికారీ చేసి వేళ్లు కోలుకునేదాకా మొక్కను నిలబెట్టాలి.

పురుగుల విషయంలో మాత్రం మన రైతులకు తీరు చదివే విద్య ఎప్పటి నుంచో ఉంది. ‘పై ముడత’ అంటే తామర పురుగు, ‘కింద ముడత’ అంటే నల్లి అని మిర్చి వేసిన ప్రతి ఇంట్లో చెబుతారు. ఆకు అంచులు పైకి దోనెలా ముడిస్తే ఒక మందు, కిందికి ముడిచి కాడలు సాగితే వేరే మందు. పురుగును పట్టిచ్చే గుర్తు ఆకు ముడుచుకునే దిశే అని మన వాళ్లే కనిపెట్టుకున్నారు. అదే చూపును మచ్చలకూ వాడమని మాత్రమే నేను కోరుతున్నది. ఆ చూపు కొత్త శత్రువు ముందు ఓడిపోయిన సందర్భమూ ఉంది. 2015లో మన దేశంలో మొదట బొప్పాయి మీద కనబడ్డ నల్ల తామర పురుగు, 2021 చివర్లో గుంటూరు, ప్రకాశం తోటల నుంచి ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, భూపాలపల్లి దాకా మిర్చిని ముంచింది. అలవాటైన తామర పురుగు ఆకుల్లో ఉంటే ఇది పూతలో దాక్కుంది. చాలామంది ముడత మందులే మళ్లీ మళ్లీ కొట్టారు. ఆ మందులకు దాని శత్రు పురుగులు చచ్చాయి, అది మాత్రం పువ్వుల్లో బతికింది. చివరికి ఎంతోమంది తోటలు దున్నేసుకున్నారు. పువ్వును విప్పి చూస్తే, తెల్ల కాగితం మీద దులిపితే రాలే నల్లని సన్న పురుగులే ఆ తోట అసలు సమస్య. అందరూ ఆకుల వైపే చూశారు.

గుర్తింపు లేని మందు ఎంత దూరం తీసుకుపోతుందో ఈ ప్రాంతానికి అంతకు ముందే తెలుసు. 1997–98లో అప్పటి వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడింది. మందులు ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. పురుగు మందులకు తట్టుకోవడం నేర్చింది, నకిలీ మందులూ తోడయ్యాయి, అప్పులు పెరిగాయి. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తెగులు మందులకూ ఈ తట్టుకునే గుణం వస్తుంది. కార్బెండజిమ్, అజాక్సీస్ట్రోబిన్ వంటివి శిలీంధ్రంలో ఒకే ఒక్క చోట దెబ్బ కొడతాయి కాబట్టి వాటిని తప్పించుకునే రకం త్వరగా పుడుతుంది. మాంకోజెబ్, కాపర్ వంటి పాత మందులు పలుచోట్ల దెబ్బ కొడతాయి, వాటికి ఆ భయం తక్కువ. పాతవన్న చిన్నచూపుతో వాటిని వదిలి ప్రతిసారీ కొత్త డబ్బా వెతకడం శాస్త్రం ప్రకారం కూడా తప్పు లెక్కే.

అయితే చేను ఎలా చూడాలి? ముందు గట్టు మీద నిలబడి మొత్తం చూడాలి. మచ్చలు మూలన గుంపుగా ఉన్నాయా, పల్లం వెంట ఉన్నాయా, సాలు పొడవునా ఉన్నాయా, అక్కడక్కడా విడివిడి మొక్కలకా? గుంపుగా మొదలై చుట్టూ విస్తరిస్తే తెగులు. గీత గీసినట్టు ఉంటే అది పైపు తేడానో, ఎరువు తేడానో, పంపు నడిచిన దారో. విడివిడి మొక్కలకు మొజాయిక్, ముడత కలిసి వస్తే వైరస్. తర్వాత లోపలికి పోయి ఓ నాలుగైదు చోట్ల మొక్కను పై నుంచి కింది దాకా చూడాలి, ఆకు అడుగు తప్పనిసరిగా తిప్పాలి. పీకిన ఒక మొక్క వేళ్లు చూడాలి. మచ్చ ఉన్న కొన్ని కొమ్మలకు రంగు దారం కట్టి, ఆ రోజు ఎన్ని ఆకులకు మచ్చలున్నాయో సెల్ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. మూడు నాలుగు రోజుల తర్వాత అవే కొమ్మలు చూస్తే కొత్త ఆకులకు పాకిందో లేదో తేలిపోతుంది. పాకకపోతే అది చాలావరకు మందు దెబ్బో, పోషకమో. మరో పని ఇంట్లోనే చేయొచ్చు. మచ్చల ఆకులను తడిపి పిండిన కాగితంతో కలిపి పాలిథీన్ కవరులో పెట్టి, మూతి కట్టి, నీడలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. శిలీంధ్రమైతే మచ్చ మీద బూడిద రంగులోనో నల్లగానో నూగు లేస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఉంటే ఆ నూగు గింజ గింజగా కనబడుతుంది. బాక్టీరియా మచ్చ మీద నూగు రాదు, మచ్చ తడిగా, జిగటగా మిగులుతుంది. గడ్డి మందు మచ్చ ఏమీ మారకుండా అలాగే ఉండిపోతుంది. ఆకు కుళ్లేదాకా ఉంచితే మాత్రం ఏ నూగైనా లేస్తుంది, అప్పుడు చూసి లాభం లేదు.

కారణం తెలిశాక వైద్యం పెద్ద రహస్యమేమీ కాదు. సెర్కోస్పోరాకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్, ఉధృతి ఎక్కువైతే లీటరుకు 1 మిల్లీలీటరు ప్రోపికొనజోల్. బూడిద తెగులుకు లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, ఆకు అడుగు తడిసేలా. బాక్టీరియాకు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్. దానికి స్ట్రెప్టోసైక్లిన్ కలపాలని ఏళ్లుగా సిఫారసు ఉంది. కానీ అది యాంటీబయాటిక్. అందులోని స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయ వైద్యంలో వాడేది. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ పంటల్లో దీని వాడకాన్ని దశలవారీగా నిలిపేయాలని ముసాయిదా ఉత్తర్వు కూడా తెచ్చింది. బాక్టీరియా అని రూఢి కాకుండా దాన్ని చల్లడం చేనుకే కాదు, ఊరి ఆరోగ్యానికీ చెరుపే. మెగ్నీషియం లోపానికి లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు, తొలి రోజుల్లోనే పీకి కాల్చేయడమే. రాలిన ఆకులు ఏరడం, సాళ్ల మధ్య గాలి ఆడనివ్వడం, ఆరోగ్యమైన తోట విత్తనమే వాడటం అన్ని ఆకుమచ్చలకూ పనికొస్తాయి. వీటన్నిటి కన్నా ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. మచ్చ మానదు. చచ్చిన ఆకు భాగాన్ని ఏ మందూ బతికించదు. మందు పనిచేసిందా అని పాత మచ్చల్లో వెతికితే ఎప్పటికీ ‘పనిచేయలేదు’ అనే జవాబే వస్తుంది. మందు తర్వాత పుట్టిన ఆకులు శుభ్రంగా ఉన్నాయా అన్నదే పరీక్ష. ఇది తెలియకే నాలుగో రోజు మచ్చలు అలాగే ఉన్నాయని మళ్లీ షాపుకు పోయేవాళ్లు ఎక్కువ.

ఈ లెక్క మిర్చికీ పత్తికే పరిమితం కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన పెంచే కోకోనే తీసుకోండి. కోకో ఆకు అంచులు మాడి, మచ్చలు పడితే తెగులు మందుకు ముందు చూడాల్సింది పైన నీడ ఎంతుందో. కొబ్బరి మట్టలు కొట్టేసి ఎండ నేరుగా పడ్డ వైపు ఆకులకే మచ్చలుంటే అది ఎండ దెబ్బ. ముదురు ఆకుల అంచులకే ఉంటే పొటాష్ సంగతి చూడాలి. వానల్లో లేత చివుళ్లకు వచ్చి పాకుతుంటే అప్పుడు శిలీంధ్రం. పంట మారింది, అడగాల్సిన ప్రశ్నలు మారలేదు.

దీనికి రైతులు చెప్పే అభ్యంతరాలు బలమైనవి, తీసిపారేయదగ్గవి కావు. మొదటిది ఆలస్యం. మిర్చికి ఎకరాకు లక్ష దాటే పెట్టుబడి పెట్టి, మూడు రోజులు దారం కట్టి చూస్తూ కూర్చుంటే తోట పోదా అంటారు. మచ్చ కనబడేసరికే వారం గడిచిపోయిందని పైన చెప్పుకున్నాం. ఆ లోపలికి పోయినదాన్ని ఇవ్వాళ కొట్టినా ఎల్లుండి కొట్టినా పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేది రాబోయే వానకు ముందు కొట్టామా, తర్వాత కొట్టామా అన్నదాని దగ్గరే. అందువల్ల ముసురు పట్టబోతోందని తెలిస్తే, చేనులో మచ్చలు పాకుతున్న గుర్తులుంటే, పరీక్ష పూర్తి కాకపోయినా మాంకోజెబో కాపరో ఒకసారి కొట్టుకోవడంలో తప్పు లేదు. అది వాతావరణం చూసి తీసుకున్న నిర్ణయం. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో ఆ తొందరకు అర్థం లేదు.

రెండో అభ్యంతరం, అన్నీ కలిపి కొడితే ఏదో ఒకటి పనిచేస్తుంది కదా అన్నది. ఇది బీమా లాంటి ఆలోచన కాబట్టి కష్టంలో ఉన్నవాడికి నచ్చుతుంది. కానీ కలిపిన ప్రతి డబ్బాకూ ధర ఉంది. కొన్ని మందులు ట్యాంకులో ఒకదాన్నొకటి చెడగొడతాయి, కొన్ని ఆకును మాడుస్తాయి, ఆ మాడిన మచ్చలకు మళ్లీ ఇంకో మందు వస్తుంది. అవసరం లేని పురుగు మందు చేనుకు మేలు చేసే పురుగులను చంపి తామర పురుగుకు దారి తీస్తుంది. కోతకు ముందు కొట్టిన మందు కాయలో మిగిలితే ఎగుమతి కొనుగోలుదారుడు వెనక్కి పంపుతాడు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో మంచి ధర రావాలంటే మందు అవశేషాలు లేని కాయే కావాలి. రైతు తొడుగుల్లేకుండా ఆ కలిపిన ట్యాంకును వీపున మోసుకుంటూ పీల్చే గాలి ఏ లెక్కలోకీ రావడం లేదు.

మూడోది అన్నిటికన్నా న్యాయమైనది. ఊరికి దగ్గరలో ఉన్నది షాపే, ఉద్దెర ఇచ్చేదీ షాపే. శాస్త్రవేత్త వరంగల్ పరిశోధన కేంద్రంలో ఉంటాడు, మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఇంకో దిక్కున ఉంటాయి. వ్యవసాయ విస్తరణ అధికారికి సుమారు అయిదు వేల ఎకరాలు అప్పజెప్పి, ఆపైన సర్వేలన్నీ నెత్తిన పెట్టారు. కౌలు రైతు కూలి మానుకొని ఎక్కడికి పోతాడు? నిజమే. షాపువాళ్లను తిట్టడం వల్ల కూడా ప్రయోజనం లేదు. వాళ్లలో చాలామంది హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన డీలర్ల డిప్లొమా చదివినవాళ్లు, రైతుతో రోజూ మాట్లాడేవాళ్లు. కానీ రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు, ఎంత మంచివాడైనా ‘నీ చేనుకు ఏ మందూ అక్కర్లేదు’ అనే మాట అతని నోట రావడం కష్టం. ఆకుమచ్చల్లో చాలాసార్లు సరైన జవాబు అదే. అందుకే గుర్తింపు, అమ్మకం వేరు కావాలి. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. వాటిలో చాలాచోట్ల సమావేశాలే తప్ప చూపించుకోవడానికి ఏమీ లేదు. ఒక మామూలు మైక్రోస్కోపు, దాన్ని వాడటం నేర్చిన ఒక మనిషి, ఆగస్టు నుంచి జనవరి దాకా వారానికి ఒక రోజు. ఇంత మాత్రం చాలు, బాక్టీరియా మచ్చ అంచు నుంచి పాలలా ఊరే ధారను, సెర్కోస్పోరా సన్నని పొడవాటి బీజాలను రైతు తన కళ్లతో తానే చూడటానికి. కట్టడానికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఇది ఖర్చే కాదు.

ఫోన్‌లో యాప్ ఉంది కదా అనే వాళ్లున్నారు. తెలుగులో పనిచేసే ప్లాంటిక్స్ ఉంది, 2024 ఆగస్టులో కేంద్రం తెచ్చిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ ఉంది. అవి పనికొస్తాయి, వాడాలి. కాకపోతే అవి చూసేది కూడా ఒక ఆకు ఫొటోనే. షాపులో ఆకు చూపించినప్పుడు వచ్చే చిక్కే అక్కడా వస్తుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ మనిషి ప్రశ్నలు అడుగుతాడు కాబట్టి, చేను చూసి వచ్చాక చేస్తే ఎక్కువ ఉపయోగం. ఫొటో పంపాల్సి వస్తే మూడు పంపాలి: గట్టు మీద నుంచి చేనుది, పై నుంచి కింది దాకా ఒక మొక్కది, అడుగు వైపు తిప్పిన ఆకుది. వాటితో పాటు చివరి వాన ఎప్పుడు పడింది, చివరిగా ఏ మందు ఎప్పుడు కొట్టారు అని రెండు మాటలు రాయాలి.

షాపుకే పోక తప్పని రోజున కూడా రైతు చేతిలో ఒక హక్కుంది. పురుగు మందుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వడం అమ్మేవాడి బాధ్యత. ఉద్దెరకు తెచ్చినా సరే బిల్లు అడగాలి, మందు పేరు, బ్యాచ్ నంబరు, ధర పక్కన ‘ఏ తెగులుకు’ అని కూడా రాయించుకోవాలి. డబ్బా మీది చీటీలో ఆ పంట, ఆ తెగులు పేర్లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా దాని మీదే ఉంటుంది. తెగులు పేరు రాయాల్సి వస్తే షాపాయన కూడా ‘పై ఆకులకా, కింది ఆకులకా?’ అని అడుగుతాడు. సీజను చివర ఆ బిల్లులన్నీ ముందేసుకొని చూస్తే, ఏ మందు ఏ తెగులుకు కొట్టారో, ఏవి పేరు లేని తెగుళ్లకు కొట్టారో ఇంట్లో లెక్క తేలుతుంది.